మట్టిరంగు ఉడుపు

పారసీక భాషలో ‘ఖాక్’ అనగా ధూళి. ధూళి రంగు గల బట్టకు ఖాకీ యను పేరు అందుండి పుట్టినది. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ వాయవ్య సరిహద్దుల సైనికులకు ఆంగ్ల సేనానులు తొడిగించిన ఈ బట్ట, కాలక్రమమున పోలీసుల ఉడుపై, ఈ దేశమున అధికారమునకే మారుపేరైనది. రంగునకు అది మట్టిరంగే. కాని మట్టిని నమ్ముకొని బ్రతుకువాడు దానిని చూచినపుడెల్ల తరతరములుగ ఒదిగి ప్రక్కకు తొలగుచునే వచ్చెను. నేడు ఆ రైతు బిడ్డలే, ఆ కూలీ బిడ్డలే ఆ ఉడుపును కోరి తెల్లవారకమునుపే లేచి పరుగులు తీయుచున్నారు. ఇది చిన్న మార్పు కాదు. ఈ కోరిక వెనుక నున్న ఆశ యెట్టిది, ఆ ఉడుపు తన్ను తొడుగువారి నుండి కోరునది యేమి, యని విచారించుట యువకులకును వారి తల్లిదండ్రులకును అవసరము.

‘ఠాణాల మనోడొకడు’

మెదకు జిల్లాలోని నిజాంపేటను తీసికొనుడు. అంతవరకు రామాయంపేట మండలమున నుండిన ఈ గ్రామము, 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు తానే ఒక మండల కేంద్రమైనది. చుట్టును మెట్టపొలములు, చెరువులు, బోరుబావులు. ఇట్టి ఊళ్ళలో పదవ తరగతి దాటిన పిల్లవానిని గాని, ఇంటరు చదువుచున్న పిల్లను గాని ‘ముందు ఏమగుదువు?’ అని అడిగినచో, వినవచ్చు సమాధానములలో ‘పోలీసు’ అనునది తప్పక యుండును. పల్లె పిల్లలు కన్నులార చూచు సర్కారు కొలువులు కొన్నియే: బడిపంతులు, నర్సమ్మ, బస్సు కండక్టరు, పోలీసు. వీనిలో ఊరంతయు లేచి నిలుచునది కడపటివానికే.

కారణమడిగినచో మొదట చెప్పబడునది జీతము. 2022 నాటి నియామక ప్రకటనలో కానిస్టేబులు వేతన శ్రేణి రూ. 24,280 నుండి 72,850 వరకును, సబ్ ఇన్‌స్పెక్టరు శ్రేణి రూ. 42,300 నుండి 1,15,270 వరకును ఉన్నది. రెండెకరముల చేనిలో మక్కయో ప్రత్తియో వేసి మొగులు వైపు చూచు ఇంటికి, నెల తిరుగగనే తప్పక చేరు పైకము ఎంతటి ధైర్యమో వేరుగ చెప్పనక్కరలేదు. రెండవ కారణము మర్యాద. పెండ్లి సంబంధములు వెదకి వచ్చును, అప్పులవాడు మెత్తబడును, పలుకరింపులో ‘రా’ పోయి ‘సారు’ వచ్చును. మూడవ కారణమును పెద్దలు కొంచెము గొంతు తగ్గించి చెప్పుదురు: ‘ఠాణాల మనోడొకడుండాలె.’

ఈ మూడవ మాటను తేలికగా విడువరాదు. పొలము గట్టు తగాదా వచ్చినను, బోరు మోటారు దొంగలెత్తుకపోయినను, అత్తవారింట ఆడపిల్ల దెబ్బలు తిన్నను, పల్లెవాడు ఒంటరిగ ఠాణా మెట్లెక్కుటకు వెనుదీయును. సర్పంచినో, పెద్దమనిషినో, తెలిసిన కానిస్టేబులునో వెంటబెట్టుకొని పోవును. లోపల ‘మనవాడు’ ఉన్నగాని దరఖాస్తు కదలదని అతని నమ్మకము. ఆ నమ్మకము కొన్ని చోట్ల నిజము, కొన్ని చోట్ల అపోహ కావచ్చును. ఏదైనను, మనవాడు లేనివాని గతి యేమని ఎవ్వరును అడుగకపోవుట విచారకరము. ఒక యింటి బిడ్డ ఖాకీ తొడిగినచో ఆ యింటి భయము తీరవచ్చును; ప్రక్క యింటి భయము తీరునా? పోలీసు ఉద్యోగమును కోరువాడు మొట్టమొదట ఆలోచింపవలసినది ఇదియే.

పటేలు, అమీను

ఈ భయము నిన్న నేడు పుట్టినది కాదు. నిజాము పాలనలో పల్లెకు పోలీసనగా పోలీసు పటేలు. మాలీ పటేలు శిస్తు వసూలు చూచును. పట్వారి లెక్కలు వ్రాయును. నేరముల కబురు పైకి పంపుట, ఊరి శాంతి కాచుట పోలీసు పటేలు పని. ఇవి వంశపారంపర్యముగ వచ్చు వతనులు. చేతిక్రింద కబురు మోయుటకు సేతుసింధీ యుండును. పటేలు పొలమును, పటేలు పగను, పటేలు అధికారమును వేరుచేసి చూచుట ఎవరికిని సాధ్యము కాకుండెను. తగవులోని కక్షిదారే న్యాయమునకు ద్వారపాలకుడైనచో ఆ ద్వారము ఎవరికి తెరచుకొనునో ఊహింపవచ్చును.

మొదటి సాలార్జంగు దివానుగా నున్న కాలమున, 1865 మొదలుకొని, రాజ్యమును జిల్లాలుగా విభజించి జిల్లా పోలీసు వ్యవస్థ నేర్పరచెను. ఠాణాకు అమీను వచ్చెను. వ్యవస్థ మారెను గాని వాడుక మారలేదు. అమీను దౌరాకు వచ్చెనన్న ఊరికి వెట్టి తప్పకుండెను: బండ్లు, కట్టెలు, కోళ్ళు, నెయ్యి, మోతగాండ్రు, అన్నియు ఉచితముగనే. 1930లో జోగిపేటలో, అనగా ఈ మెదకు సీమలోనే, సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మొదటి సమావేశము జరిగెను. వెట్టిని రూపుమాపుట ఆ మహాసభ దీర్ఘకాలము పోరాడిన విషయములలో నొకటి.

ఆంగ్లేయుల యేలుబడిలో నుండిన కోస్తా, రాయలసీమలలోను పరిస్థితి మెరుగుగా లేదు. మద్రాసు రాజధానిలో శిస్తు రాబట్టుటకును, నేరము ఒప్పించుటకును కొలువుకాండ్రు చిత్రహింసలు పెట్టుచున్నారని 1855లో ఒక విచారణ సంఘము తేల్చిచెప్పెను. 1861లో పోలీసు చట్టము వచ్చెను. నలువదేండ్ల తరువాత, 1902-03లో, ఫ్రేజరు అధ్యక్షతన కూర్చున్న కమిషను పోలీసులు అసమర్థులనియు, లంచగొండులనియు, ప్రజలను పీడించుచున్నారనియు మరల వ్రాయవలసివచ్చెను. 1861 చట్టము ప్రజలను కాచుటకంటె ప్రభుత్వమును కాచుటకే కూర్చబడినదన్న విమర్శ నాటినుండి నేటివరకు వినబడుచునే యున్నది.

1948 సెప్టెంబరులో భారత సైన్యము హైదరాబాదు రాజ్యములో ప్రవేశించినపుడు ఆ సైనిక చర్యకు సయితము ‘పోలీసు యాక్షను’ అను పేరే నిలిచెను. తెలంగాణ పల్లెలలో వృద్ధులు తమ వయస్సును చెప్పుటకు చాలకాలము ఆ సంఘటననే గుర్తుగా వాడిరి. అటుపిమ్మట 1984లో పటేలు పట్వారీ పదవులు రద్దయ్యెను. పోలీసు పటేలు పోయెను. కాని ‘మనవాడు’ ఒకడు కావలెనన్న అలవాటు పోలేదు.

అమీనుగా చేరి కొత్వాలైనవాడు

ఈ చరిత్రలో వెలుగు లేకపోలేదు. నేడు తెలంగాణ పోలీసు అధికారులు శిక్షణ పొందు అకాడమీకి రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు పెట్టబడినది. వనపర్తి సీమలో 1869లో జన్మించి, అమీను పదవితో పోలీసు శాఖలో ప్రవేశించి, మెట్టు మెట్టుగ నెక్కి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలై, 1934 వరకు ఆ పదవిలో నుండిన వ్యక్తి ఆయన. అసఫ్ జాహీల కాలమున ఆ పదవిని అధిష్ఠించిన మొదటి హిందువుగా ఆయనను చెప్పుదురు. నానా మతములవారు, నానా భాషలవారు కిక్కిరిసిన నగరమును పదునాలుగేండ్లు కాచుట సామాన్యము కాదు.

కాని ఆయన పేరు పల్లెలలో నిలిచినది కొత్వాలీ వలన మాత్రమే కాదు. పల్లెల నుండి చదువునకై నగరమునకు వచ్చు పిల్లలకు నిలువ నీడ లేని ఆ దినములలో, 1918లో రెడ్డి వసతిగృహ స్థాపనకు ఆయన పూనుకొనెను. ఆ వసతిగృహ నిర్వహణను కొన్నేండ్లు చూచినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. జోగిపేట మహాసభకు అధ్యక్షత వహించిన ఆ ప్రతాపరెడ్డిగారే తరువాత కొత్వాలు జీవితచరిత్రను గ్రంథస్థము చేసిరి. నిరంకుశ ప్రభువు కొలువులో నుండిన పోలీసు అధికారి ఒకవైపు, వెట్టికి ఎదురు నిలిచిన మహాసభ అధ్యక్షుడు మరొకవైపు; వీరిరువురిని కలిపినది పల్లెపిల్లల చదువు. ఉడుపు ఒక మనుష్యుని ఎంత బిగించినను, లోపలి మనుష్యునకు కొంత చోటు మిగులునని ఈ చరిత్ర తెలుపుచున్నది. ఆ చోటుతో ఏమి చేయవలెనన్నది ఆ మనుష్యుని యిష్టము.

నల్లకుంట నేర్పిన పాఠము

ఆ చోటును చెడుగునకు వాడిన ఉదాహరణములును ఇదే నగరమున గలవు. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక పేద మహిళపై అత్యాచారము జరిగినదనియు, అడుగవచ్చిన ఆమె భర్త పోలీసు దెబ్బలకు మరణించెననియు తెలిసి నగరము అట్టుడికిపోయెను. వీథులలో కాల్పులు జరిగెను, ప్రాణములు పోయెను. ప్రభుత్వము నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసుల నేరమును ధ్రువపరచెను. అయినను కేసు కర్ణాటకలోని రాయచూరు న్యాయస్థానమునకు మారి, అచ్చట నిందితులు నిర్దోషులుగ విడుదలైరి. ఈ కథను పోలీసు ఉద్యోగము కోరు ప్రతి యువకుడును తెలిసికొనవలెను. ఆ రాత్రి ఆ ఠాణాలో ‘ఇది తగదు’ అని ఒక్కడు గట్టిగ చెప్పియుండినచో ఒక సంసారము నిలిచియుండెడిది.

మరొక ప్రక్కను చూడవలెను. విప్లవ తీవ్రవాదులను ఎదుర్కొనుటకు గ్రేహౌండ్సు దళమును తీర్చిదిద్దిన కె. ఎస్. వ్యాస్ 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ క్రీడాంగణములో సాయంత్రపు నడకలో నుండగా కాల్చిచంపబడెను. 1999 సెప్టెంబరు 4న ఉమేశ్‌చంద్ర నగరపు నడివీథిలో అదే విధముగ హతుడయ్యెను. ఏటేట అక్టోబరు 21న దేశమంతట పోలీసు అమరుల దినము జరుపుదురు. 1959లో ఆ దినమున లడఖు హాట్‌స్ప్రింగ్సు వద్ద చీనా సైనికుల కాల్పులలో పదిమంది కేంద్ర రిజర్వు పోలీసులు మరణించిరి. ఈ ఉద్యోగము ప్రాణము తీయగలదు, ప్రాణము అడుగనుగలదు. ఈ రెండును తెలిసి చేరవలెను.

ప్రవేశద్వారము

చేరుట కూడ సులభము కాదు. కానిస్టేబులు పదవికి ఇంటరు, సబ్ ఇన్‌స్పెక్టరు పదవికి పట్టము చదువు కావలెను. డీఎస్పీ పదవికి గ్రూపు-1 పరీక్ష ద్వారమున, ఐపీఎస్‌కు యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్ష ద్వారమున ప్రవేశింపవచ్చును. 2022 ఏప్రిలు 25న తెలంగాణ పోలీసు నియామక మండలి వెలువరించిన ప్రకటనలో 587 సబ్ ఇన్‌స్పెక్టరు, 16,027 కానిస్టేబులు పోస్టులుండెను. ముందుగా 200 ప్రశ్నల ప్రాథమిక పరీక్ష, పిదప దేహపరీక్ష, తుదకు మరల వ్రాతపరీక్ష. దేహపరీక్షలో పురుషులు 1,600 మీటర్ల దూరమును 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలోను పరుగెత్తవలెను. పురుషులకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, స్త్రీలకు 152.5 సెంటీమీటర్లు ఉండవలెను. పురుషులు 4 మీటర్లు, స్త్రీలు రెండున్నర మీటర్లు దూకవలెను, పురుషులు 7.26 కిలోల గుండును 6 మీటర్లు, స్త్రీలు 4 కిలోల గుండును 4 మీటర్లు విసరవలెను.

చేనిలో మడక దున్నిన తండ్రి బిడ్డకు ఈ పరుగు పెద్ద లెక్క కాదు. అతనిని అలయజేయునది కాలము. ఆ 2022 నియామకమునే చూడుడు: ఏప్రిలులో ప్రకటన, ఆగస్టులో ప్రాథమిక పరీక్ష, మరుసటి ఏప్రిలులో తుదిపరీక్ష, 2023 అక్టోబరులో కానిస్టేబుళ్ళ ఎంపిక జాబితా, వారి శిక్షణ ఆరంభమైనది 2024లో. దరఖాస్తు పెట్టిననాటి నుండి ఠాణా గుమ్మము త్రొక్కునప్పటికి రెండేండ్లు దాటిపోయెను. ఆ నడుమ శిక్షణ కేంద్రములకు రుసుములు, పట్నములో గది అద్దె, ఇంటి నుండి వచ్చు బియ్యపు మూట. వయఃపరిమితి సహజముగ కానిస్టేబులుకు 22 ఏండ్లు, సబ్ ఇన్‌స్పెక్టరుకు 25 ఏండ్లు; ఆ ఏట ప్రభుత్వము ఐదేండ్లు సడలించినందున ఎందరో ఊపిరి పీల్చుకొనిరి. అట్టి సడలింపు ప్రతిసారియు దొరకునని నమ్మి ఏండ్లకేండ్లు ఒకే ద్వారము వద్ద కూర్చుండుట వివేకము కాదు. పోస్టు రానివాని వెనుక ఒక చదువో, ఒక చేతిపనియో నిలిచియుండవలెను. ఈ మాట శిక్షణ కేంద్రముల ప్రకటన పలకలపై కానరాదు గనుక తల్లిదండ్రులే చెప్పవలెను.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగ చెప్పదగినది. 1979లో ఆంధ్రప్రదేశ్ శ్రేణికి మొదటి మహిళా ఐపీఎస్ అధికారిగ వచ్చిన అరుణా బహుగుణ, తరువాత హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయి పటేలు జాతీయ పోలీసు అకాడమీకి మొదటి మహిళా సంచాలకురాలయ్యెను. అది అంతటి ఎత్తునకు సంబంధించిన మాట. క్రింది మెట్టున జరిగిన మార్పు అంతకంటె పెద్దది. దెబ్బలు తిన్న కోడలు ఠాణాకు వచ్చినపుడు ఆమె మాట వినుటకు ఒక ఆడ కానిస్టేబులు ఉండుట, ఉండకపోవుట అను భేదము ఒక్కొక్కప్పుడు ఆమె ప్రాణమునకే సంబంధించినది. 2014 అక్టోబరులో తెలంగాణలో షీ టీములు వెలసినప్పటి నుండి ఈ అవసరమును అందరును గుర్తించిరి. పరుగుపందెములో ఆడపిల్లను చూచి నవ్వు ఊరు, ఆపదలో ఆమె కొరకే వెదకును.

ఠాణా లోపలి పని

చలనచిత్రములు చూచి పోలీసు కాగోరువాడు ఒక నెల ఠాణాలో గడిపినచో ఆశ్చర్యపడును. అచ్చటి పనిలో అధికభాగము పట్టుకొనుట కాదు; నిలుచుట, నడచుట, వ్రాయుట. మహాశివరాత్రికి ఏడుపాయల వనదుర్గ జాతరలో రాత్రులు రాత్రులు నిలుచుట, రాత్రి గస్తీ తిరుగుట, సెంట్రీ కాయుట, న్యాయస్థానమునకు సాక్షులను గొనిపోవుట, సమను లందించుట. తూప్రాను, చేగుంట, రామాయంపేటల మీదుగ పోవు 44వ నెంబరు జాతీయ రహదారిపై లారీ క్రింద నలిగిన దేహములను చేతులతో ఎత్తుట. 2014 జూలై 24న మాసాయిపేట వద్ద కాపలా లేని రైలుదారిలో బడి బస్సును రైలు ఢీకొనినపుడు పసిపిల్లల దేహముల నడుమ పనిచేసినవారిలో పోలీసులు గలరు. పుస్తకముల సంచులను వేరుచేసి పేరు పేరున తల్లిదండ్రులకు చెప్పవలసిన పని ఏ శిక్షణలోను నేర్పరు.

వ్రాయుట అనునది అన్నిటికంటె ముఖ్యమైనది. అందుచేతనే సబ్ ఇన్‌స్పెక్టరు తుదిపరీక్షలో ఆంగ్లముతోబాటు తెలుగు లేక ఉర్దూ పత్రము కూడ తప్పక ఉత్తీర్ణము కావలసియున్నది. ఫిర్యాది యేడ్చుచు చెప్పిన మాటను, అతడు చెప్పినదే, కూడికలు తీసివేతలు లేక కాగితముపై పెట్టుట ఒక విద్య. పంచనామాలో ఒక్క గంట తప్పు వ్రాసినచో నేరస్థుడు బయటపడును. ఒక్క పేరు అన్యాయముగ చేర్చినచో నిరపరాధి లోపల పడును. లాఠీ దెబ్బ నెలకు మానును. తప్పుడు కేసు మానుటకు ఏండ్లు పట్టును. ఠాణాలో అసలైన ఆయుధము కలము.

ఆ కలమునకు చట్టము హద్దులు గీసినది. నేరము విన్న వెంటనే కేసు నమోదు చేయుట తప్పనిసరి యని 2013 నవంబరులో సుప్రీంకోర్టు లలితాకుమారి కేసులో తీర్పు చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఫిర్యాదు తీసికొనవలెను. దాని నకలును ఉచితముగ ఇయ్యవలెను. అరెస్టు చేసినవానిని 24 గంటలలోపల, ప్రయాణకాలమును మినహాయించి, న్యాయాధికారి యెదుట నిలుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణమే ఆదేశించుచున్నది. అరెస్టునందు పాటింపవలసిన నియమములను 1996లో డి. కె. బసు కేసు తీర్పు వివరించెను. పోలీసు యెదుట ఒప్పుకొన్న నేరము సాక్ష్యము కాదన్న నియమము బ్రిటిషు కాలము నుండి వచ్చినది. క్రొత్త సాక్ష్య అధినియమపు 23వ సెక్షనులోను అది నిలిచియున్నది. ఇంతకంటె స్పష్టమైన హెచ్చరిక యేమి యుండును? కొట్టి ఒప్పించినది న్యాయస్థానములో నిలువదని చట్టమే చెప్పినపుడు, ఎందులకు కొట్టవలెను? కొట్టుట తీరికలేనితనమునకును, తెలియనితనమునకును, అప్పుడప్పుడు పైవారి ఒత్తిడికిని గుర్తు.

పైవారి ఒత్తిడి యన్నది ఊహ కాదు. పోలీసులను రాజకీయపు చేతి నుండి కొంత తప్పించుటకు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశములిచ్చెను. ఠాణా అధికారికి కనీసము రెండేండ్లు ఒకేచోట పదవి యుండవలెననుట అందులో నొకటి. దేశమున పెక్కుచోట్ల ఆ ఆదేశములు పూర్తిగ అమలు కాలేదు. కాబట్టి న్యాయముగ పనిచేయదలచినవాడు బదిలీ మూటను ఎల్లప్పుడు సిద్ధముగ ఉంచుకొనవలసి వచ్చును. ఆ మూటకు భయపడనివాడే స్వతంత్రుడు.

ఇంటివారి పాట్లును లెక్కలోనికి తీసికొనవలెను. దసరా, బతుకమ్మ, సంక్రాంతి అందరికి సెలవులు, పోలీసుకు బందోబస్తు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు పటాలముల కానిస్టేబుళ్ళ భార్యలు, తమ భర్తలు నెలల తరబడి ఇంటికి దూరముగ నుండవలసివచ్చుచున్నదని వీథులకెక్కిరి. పటాలములలోను నిరసన రేగెను. పలువురు కానిస్టేబుళ్ళు సస్పెండైరి. కొందరు ఉద్యోగమునుండియే తొలగింపబడిరి. సంఘము కట్టుటకు, సమ్మె చేయుటకు ఇతరోద్యోగులకున్న వెసులుబాటు పోలీసుకు లేదు. సివిలు, సాయుధ రిజర్వు, ప్రత్యేక పటాలము అని దరఖాస్తులో వరుసక్రమము వ్రాయునపుడు పిల్లవాడు చూడవలసినది పోస్టుల సంఖ్య మాత్రము కాదు; ఆ పేర్ల వెనుక నున్న జీవితపు తీరు.

తనను తాను అడుగవలసినది

ఇంత తెలిసిన పిమ్మట కూడ ఈ ఉద్యోగమును కోరువారు కోరవలెను, కోరదగినది. రోగికి వైద్యుడెట్టివాడో, అన్యాయమునకు గురియైనవానికి ఠాణాలోని మొదటి మనిషి అట్టివాడు. పగిలిన తలతో, చినిగిన చీరతో, పోగొట్టుకొన్న బిడ్డ బొమ్మతో వచ్చువారికి ప్రభుత్వమన్నది సచివాలయమున లేదు. ఆ బల్ల వెనుక కూర్చున్న ముఖములోనే కలదు. ఆ ముఖము చిరాకుగ ఉన్నచో రాజ్యమే చిరాకుగ ఉన్నట్లు. ‘కూర్చో అమ్మా’ అని అన్నచో రాజ్యమే కూర్చుండబెట్టినట్లు. ఇంతటి గౌరవము మరి యే ఉద్యోగమునకు గలదు?

అయితే దరఖాస్తు నింపుటకు ముందు కొన్ని ప్రశ్నలు అడుగుకొనవలెను. కోపము వచ్చినపుడు చేతిని ఆపుకొనగలనా? బలవంతుడు సొంత బంధువైనను అతనిపై కేసు వ్రాయగలనా? కులము, మతము, పార్టీ తెలియకముందే మాట వినగలనా? పై అధికారి చట్టము కాని పని చేయుమన్నపుడు, వినయము తప్పక, ‘కాదు’ అని చెప్పగలనా? వీనికి అవునను సమాధానము గుండెలో దొరకినచో పరుగు, దూకు, గుండు తరువాత వచ్చును. దొరకనిచో, అన్ని మీటర్లును అన్ని మార్కులును వచ్చినను, ఆ ఉడుపు అతనికి సరిపడదు.

నిజాంపేట వంటి ఊళ్ళలో ‘ఠాణాల మనోడొకడుండాలె’ అను పెద్దల కోరిక తప్పు కాదు. అది అర్ధము మాత్రమే. మిగిలిన అర్ధమును ఉద్యోగము పొందిన బిడ్డయే పూర్తి చేయవలెను. అతడు గాని ఆమె గాని కూర్చున్న ఠాణాకు, ఎవరి సిఫారసు లేని ఒక ముసలమ్మ, చేతికర్ర ఆనించుకొని, ఒంటరిగ నడిచి వచ్చి తన దరఖాస్తు ఇచ్చి పోగలిగిన దినమున, ఆ పెద్దల కోరిక నిజముగ నెరవేరినట్లు. అప్పుడు ఆ ఠాణాలో నున్నవాడు ఒక యింటికి మాత్రమే కాక ఊరందరికిని ‘మనవాడు’. ఖాకీ మట్టిరంగే గదా. మట్టికి తన పర భేదము లేదు.